ఇంట్లో ఉన్న పాటల ప్లేట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గ్రామఫోన్ ప్లేట్ల గురించీ, ఎల్‌.పి. రికార్డుల గురించీ పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఒకే సంగతిని పలువురు అడిగిన చోట ఆ ఉత్తరాలన్నిటినీ కలిపి ఒకే ప్రశ్నగా తీసుకున్నాను.

ప్రశ్న: నేను పాటలన్నీ ఫోన్‌లోనే వింటాను. ఈ మధ్య ఒక స్నేహితుడి ఇంట్లో ఎల్‌.పి. రికార్డు విన్నాను. డిజిటల్ కంటే రికార్డు ధ్వనే మేలని అతను గట్టిగా వాదిస్తాడు. అది నిజమేనా? నేనూ ఒక ప్లేయర్ కొనుక్కోవచ్చా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొలతల ప్రకారం చూస్తే నిజం కాదు. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ అతి సన్నని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ తేడాను పట్టి ఉంచగలదు. బాగా తయారైన ఎల్‌.పి. సైతం 60, 70 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. పైగా రికార్డు మొదటినుంచి చివరిదాకా నిమిషానికి 33⅓ చుట్లు ఒకే తీరుగా తిరుగుతుంది కనుక, అంచు దగ్గర సూది కింద సెకనుకు సుమారు అర మీటరు గాడి నడిస్తే, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఆ పొడవు 20 సెంటీమీటర్ల చిల్లరకు పడిపోతుంది. అంతే సంగీతాన్ని సగానికంటే తక్కువ జాగాలో ఇమడ్చవలసి రావడం వల్లనే చాలా రికార్డుల్లో చివరి పాటకు వచ్చేసరికి స, ష అక్షరాలు గరగరలాడతాయి.

అయినా మీ స్నేహితుడు విన్నది భ్రమ అని నేను అనను. ఒకే పాటకు రికార్డు కోసం ఒక మాస్టర్ (ప్రతులన్నిటికీ మూలమైన తుది రికార్డింగు), డిజిటల్ విడుదల కోసం మరొక మాస్టర్ తయారుచేయడం మామూలే. 1990ల నుంచి డిజిటల్ మాస్టర్లలో ధ్వనిని మొదటినుంచి చివరిదాకా ఒకే ఎత్తున బిగించి పెట్టే అలవాటు బాగా పెరిగింది. గాడిలో సూది నిలవాలి కాబట్టి రికార్డు కోసం చేసే మాస్టర్‌లో అంత బిగింపుకు వీలుండదు. మన పాత సినిమా పాటల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువగా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో తిరిగే ప్రతుల్లో చాలావాటికి మూలం ఏ క్యాసెట్టో అయి ఉంటుంది. శ్రుతి అరస్వరం అటూ ఇటూ జరిగినవీ, గరగర తీసేయబోయి గొంతులోని ఊపిరినీ తంబూరా నాదాన్నీ కూడా తీసేసినవీ, అసలు పాటలో లేని ప్రతిధ్వనిని కలిపినవీ ఎన్నో వినిపిస్తున్నాయి. అటువంటి ప్రతి పక్కన శుభ్రంగా ఉన్న పాత రికార్డు వింటే రికార్డే మేలనిపించడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ గెలిచింది వినైల్ (ఎల్‌.పి.లు తయారయ్యే ప్లాస్టిక్) కాదు, మూలానికి దగ్గరగా ఉన్న ప్రతి.

ఇక కొత్తగా అచ్చవుతున్న రికార్డుల సంగతి వేరు. అమెరికాలో 2020లో రికార్డుల అమ్మకాల రాబడి సీడీల రాబడిని దాటింది; 1980ల మధ్య తరువాత అలా జరగడం అదే మొదటిసారి. 2022లో సంఖ్యలోనూ దాటింది. కానీ వీటిలో ఎక్కువభాగం డిజిటల్ మాస్టర్ నుంచే తయారవుతాయి. మధ్యలో ఎక్కడా డిజిటల్‌లోకి మార్చని పూర్తి అనలాగ్ పద్ధతికి పేరుపడిన మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ సంస్థ కూడా తన రికార్డుల తయారీలో డిజిటల్ దశ ఉందని 2022లో ఒప్పుకోవలసి వచ్చింది. అందువల్ల ఫోన్‌లో ఉన్న పాటనే మరో రూపంలో వినడానికి ప్లేయర్ కొననక్కరలేదని నా అభిప్రాయం. ఇంట్లో పాత రికార్డులు ఉంటేనో, డిజిటల్‌లోకి రాని సంగీతం మీద ఇష్టం ఉంటేనో తప్పకుండా కొనండి. తెలుగులో అలాంటి సంగీతం మీరు అనుకునేదానికంటే చాలా ఎక్కువ ఉంది.

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టెలో బరువైన పాత గ్రామఫోన్ ప్లేట్లు బయటపడ్డాయి. పౌరాణిక నాటకాల సెట్లు, కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలు, కొన్ని కీర్తనలు ఉన్నాయి. కొత్తగా కొన్న ప్లేయర్ మీద ఒకటి పెట్టి చూస్తే హోరు తప్ప ఏమీ వినిపించలేదు. అవి పాడైపోయినట్టేనా? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాడైపోయి ఉండకపోవచ్చు. దయచేసి ఆ ప్లేయర్ మీద మాత్రం మళ్లీ పెట్టకండి. మీ తాతగారి ప్లేట్లు వినైల్ కావు, లక్కతో చేసినవి. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురును శుద్ధిచేసి, అందులో రాతిపొడి, మసి కలిపి అచ్చుపోసేవారు. ఇవి నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. వీటి గాడి వెడల్పు కనుక సుమారు 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మొన ఉన్న సూది కావాలి. ఎల్‌.పి.ల కోసం మీ ప్లేయర్‌కు అమర్చిన సూది మొన 18 నుంచి 25 మైక్రాన్లే ఉంటుంది. అది పాట చెక్కి ఉన్న గాడి గోడలను తాకకుండా అడుగుకు జారి, దశాబ్దాలుగా అక్కడ పేరుకున్న దుమ్మునే చదువుతుంది. మీరు విన్న హోరు ఆ దుమ్ముదే. అదీగాక ఆ రాతిపొడి సూదిని కూడా తినేస్తుంది.

ముందు ప్లేట్లను చూడటం ఎలాగో చెబుతాను. కిటికీ దగ్గర నిలబడి, వెలుతురు ఏటవాలుగా పడేలా ప్లేటును రెండు అరచేతుల మధ్య అంచులతోనే పట్టుకోండి. ఉపరితలం నల్లగా నిగనిగలాడుతుంటే అది ఎక్కువగా వాడనిది. గాడుల మీద బూడిదరంగు పట్టీలు కనిపిస్తే అక్కడ అరిగిందని అర్థం. ఆ పట్టీలు సాధారణంగా గాయకుడు గొంతు పూర్తిగా విప్పిన చోటే ఉంటాయి. కీ ఇచ్చి తిప్పే పెట్టెల్లో బరువైన సౌండ్‌బాక్స్ (ముల్లు కదలికను ధ్వనిగా మార్చే భాగం) కింద ఉక్కు ముల్లు అక్కడే గాడిని ఎక్కువగా కోసింది. ఒక్కో ముల్లును ఒక్క వైపుకే వాడి పారేయాలని కంపెనీలు చెప్పినా, ముళ్ల డబ్బీ కొనుక్కోవడం కష్టమైన ఇళ్లలో ఒకే ముల్లుతో రోజంతా వాయించారు. మీ పెట్టెలో బాగా అరిగిన ప్లేటు ఏదో చూడండి. మీ తాతగారికి ఎక్కువ ఇష్టమైన పద్యం ఏదో తెలుస్తుంది.

శుభ్రం చేయడంలో ఒక్క నియమం ఎన్నడూ తప్పకూడదు. లక్క ప్లేటుకు స్పిరిట్ గానీ, ఆల్కహాల్ కలిసిన ఏ ద్రవం గానీ తగలనివ్వకండి. చెక్క సామానుకు వేసే లక్క పాలిష్‌ను వడ్రంగులు స్పిరిట్‌లో కరిగించే తయారుచేస్తారు. మీ ప్లేటు కూడా అలాగే కరుగుతుంది. వినైల్ రికార్డుల కోసం అమ్మే చాలా ద్రావణాల్లో ఆల్కహాల్ ఉంటుంది కనుక సీసా మీద రాసింది చదివి తీరాలి. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు మెత్తని పాత్రల సబ్బు కలిపి, మెత్తని గుడ్డను తడిపి బాగా పిండి, గాడుల వెంట గుండ్రంగా తుడవండి. లేబుల్ తడవకూడదు. ప్లేటును నీళ్లలో నానబెట్టకూడదు, ఎందుకంటే కొన్నిటికి లోపల కాగితపు పొర ఉంటుంది, పగులు గుండా నీరు చేరితే అది ఉబ్బుతుంది. తుడిచిన వెంటనే మరో పొడి గుడ్డతో అద్ది, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి.

వినడానికి 78 వేగం ఉన్న ప్లేయర్, దానికి 78 సూది కావాలి. సూది ఒక్కటే మార్చుకోవడానికి వీలున్న కార్ట్రిడ్జ్ (సూది కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) అయితే ఖర్చు తగ్గుతుంది. 78 వేగం లేకపోతే 45 మీద తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించి, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని సరిచేసుకోవచ్చు, కానీ సూది విషయంలో మాత్రం రాజీ లేదు. ఈ ప్లేట్ల మీద ధ్వని గాడిలో పక్కలకు మాత్రమే చెక్కి ఉంటుంది కనుక, స్టీరియో కార్ట్రిడ్జ్ నుంచి వచ్చిన రెండు చానెళ్లను ఒకటిగా కలిపేస్తే పైకీ కిందికీ ఊగే సూది చేసే రొద చాలామటుకు పోతుంది. ఇంత తేలికైన పనితో ఇంత మెరుగు మరెక్కడా రాదు. ఆ తరువాత గరగర తీసేసే ఫిల్టర్ల జోలికి పోకపోవడమే మంచిది. కనీసం మొదటి ప్రతిని ఉన్నది ఉన్నట్టుగా వేవ్ ఫైలుగా దాచండి. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే దానికి కావలసిన ముడిసరుకు అదే.

నాటకాల సెట్ల గురించి ఇంకొక్క మాట. ఒక్కో వైపున మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది కనుక ఒక పడకసీనునో కాటిసీనునో ముక్కలు చేసి వరుసగా కొన్ని ప్లేట్ల మీద ఎక్కించేవారు. లేబుల్ మీద భాగం సంఖ్య ఉంటుంది. ఏ ప్లేటైనా పగిలిందని తెలిస్తే ముక్కలను పారేయకండి. లేబుల్ మీది నంబరు ఉంటే అదే ప్లేటు మరొకరి దగ్గర ఉందేమో వెతకవచ్చు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు జీవితకాలంపాటు సేకరించిన వేలాది రికార్డుల వల్లనే తెలుగు పాట చరిత్రలో చాలా భాగం రాయడం సాధ్యమైంది. అటువంటి సేకరణల్లోకి చేరిన ప్లేట్లన్నీ ఒకప్పుడు మీ ఇంటివంటి ఇళ్ల పెట్టెల్లోంచి వచ్చినవే.

ప్రశ్న: సూట్‌కేసులా మూసుకునే చిన్న ప్లేయర్లు తక్కువ ధరకు వస్తున్నాయి. వాటితో రికార్డులు పాడవుతాయా? మా ఇంట్లో పాత హెచ్‌.ఎం.వి. ఫియస్టా ప్లేయర్ కూడా ఉంది. — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఒక్కసారి వాయిస్తే పాడైపోవు, కానీ మీకు విలువైన రికార్డును వాటి మీద పదేపదే వాయించవద్దు. మంచి ప్లేయర్‌లో సూది రికార్డు మీద మోపే బరువు ఒకటిన్నర, రెండు గ్రాములు. ఈ చిన్న పెట్టెల్లోని సిరామిక్ కార్ట్రిడ్జ్ దానికి రెండింతలో మూడింతలో మోపుతుంది, ఆ బరువును సవరించుకునే ఏర్పాటు కూడా సాధారణంగా ఉండదు. సూదిని మోసే చేయి బరువును సొంతంగా సవరించుకునే వీలు, మార్చుకోగల సూది, ఈ రెండూ ఉన్న ప్లేయర్‌ను కాస్త ఆలస్యమైనా కొనుక్కోండి. అలాంటి ప్లేయర్లలో ఉండే మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే విద్యుత్తు కొద్ది మిల్లీవోల్టులే కాబట్టి దాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్లిఫయర్ కూడా ఉండాలి. కొన్ని ప్లేయర్లలో అది లోపలే ఉంటుంది.

ఫియస్టాను నేరుగా కరెంటుకు తగిలించకండి. లోపలి కెపాసిటర్లు ఎండిపోయి, రబ్బరు భాగాలు గట్టిపడి ఉంటాయి. పాత రేడియోలు బాగుచేసే మెకానిక్ మీ ఊళ్లో ఇంకా ఉంటే ముందు ఆయనకు చూపించండి.

ప్రశ్న: నేను సంగీతం నేర్పుతాను. ఏ పాట కావాలన్నా ఫోన్‌లో దొరికే ఈ రోజుల్లో పిల్లలకు పాత రికార్డులు వినిపించడం వల్ల ప్రత్యేకంగా ఒనగూడేది ఏమైనా ఉందా? — ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: తప్పకుండా ఉంది. మీరు అడగడం నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈ ప్రశ్న పరికరాలను దాటి సంగీతం దగ్గరికి వస్తుంది.

మన దేశంలో వాణిజ్యపరంగా రికార్డింగులు 1902లో కలకత్తాలో మొదలయ్యాయి. లండన్ నుంచి వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అప్పుడు గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశారు. పాట ముగియగానే ఆవిడ తన పేరును ఇంగ్లీషులో గట్టిగా చెప్పేవారు. మైనపు మాస్టర్లు జర్మనీలోని హానోవర్ ఫ్యాక్టరీకి వెళ్లేవి, అక్కడి పనివాళ్లకు ఏ ప్లేటు ఎవరిదో తెలియాలి. 1925 ప్రాంతంలో మైక్రోఫోన్ వచ్చేదాకా గాయకులు ఒక పెద్ద కొమ్ములోకి ముఖం పెట్టి పాడవలసిందే. సన్నని గమకం కొమ్ములోకి పోదు, గొంతు ఎత్తకపోతే గాడి పడదు. ఆ కాలపు గాయకుల కంఠం ఎందుకంత బిగువుగా వినిపిస్తుందో పిల్లలకు ఇది తెలిసినప్పుడే అర్థమవుతుంది.

అంతకంటే ముఖ్యమైనది కాలపరిమితి. నాటకశాలలో పద్యం చివర రాగం ఎంతసేపు తీయాలన్నది నటుడి ఊపిరినీ, జనం వన్స్‌మోర్లనూ బట్టి ఉండేది. ప్లేటు మీద మాత్రం పద్యమూ రాగమూ కలిపి మూడు నిమిషాల చిల్లరలో ముగియాలి. అందువల్ల నటులు పద్యాన్ని వేగంగా ఎత్తుకుని, భావం నిలిచే ఒకటి రెండు మాటల దగ్గర మాత్రమే ఆగి, మిగిలిన రాగమంతా ఆఖరి పాదానికి దాచుకున్నారు. కర్ణాటక విద్వాంసులదీ ఇదే పరిస్థితి. కచేరీలో అరగంట సాగే ఆలాపన ప్లేటు మీద కొన్ని క్షణాలకు కుదించుకుపోయింది, ఆ కొన్ని క్షణాల్లోనే రాగం ఆనవాలు పట్టేలా పాడవలసి వచ్చింది. రాగంలో ప్రాణప్రదమైన ప్రయోగం ఏది, వదిలేసినా ఫరవాలేనిది ఏది అన్నది ఒక మహావిద్వాంసుడు ఎలా నిర్ణయించుకున్నాడో ఆ ప్లేట్లు నేరుగా వినిపిస్తాయి. ఇంతకు మించిన పాఠం మీ విద్యార్థులకు నేనూ చెప్పలేను, మీరూ చెప్పలేరు.

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ఎల్‌.పి.ని తెచ్చిన తరువాత ఒక్కో వైపున ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. మన దేశంలో మాత్రం 78 ప్లేట్లు 1960ల చివరిదాకా అచ్చవుతూనే ఉన్నాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్‌.పి.గా వచ్చింది. అది సాగేది సుమారు ఇరవై నిమిషాలు. 78 ప్లేట్ల మీద అయితే దాన్ని ఆరేడు ముక్కలు చేసి, శ్లోకాల మధ్య లేచి ప్లేటు మార్చవలసి వచ్చేది. ఒక్క బిగిలో తెల్లవారుజామున ఇల్లంతా వినగలిగిన సుప్రభాతం ఈ కొత్త రికార్డు వల్లనే సాధ్యమైంది.

తరగతిలో వినిపించేటప్పుడు నా సూచన ఒకటే. ఒక వైపు మాత్రమే పెట్టండి, అయిపోగానే ప్లేయర్ ఆపి, గాయకుడు దేన్ని వదిలేశాడని పిల్లలను అడగండి. అసలు రికార్డు లేకపోతే దాని డిజిటల్ ప్రతి వినిపించినా ఫలితం అదే. ఇక్కడ మనం నేర్పుతున్నది వినడం.

ప్రశ్న: మా అమ్మానాన్నలు దాచిన ఎల్‌.పి.లు కాకినాడ ఇంట్లో ఉన్నాయి. కొన్నిటి మీద తెల్లని బూజు పట్టింది, ఒకటి రెండు వంగిపోయాయి. వాటిని ఇక్కడికి తెచ్చుకోవాలని ఉంది. — ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: కోస్తా తేమలో బూజు పట్టేది ఎక్కువగా కాగితపు కవర్ల వల్ల. లోపలి కవర్లన్నిటినీ మార్చి పాలిథిన్ కవర్లు వేయండి. బొమ్మ ఉన్న బయటి అట్టను పారేయకండి, పొడి గుడ్డతో తుడిచి విడిగా ఉంచండి. ఇవి వినైల్ కనుక డిస్టిల్డ్ వాటర్‌తో, గాడుల వెంట తిరిగే మెత్తని బ్రష్‌తో కడగవచ్చు. వంగిన రికార్డును ఎండలో పెట్టి గానీ ఇస్త్రీ పెట్టెతో గానీ సరిచేయాలని చూడకండి. సూది ఎగిరిపడకుండా నడుస్తుంటే ఆ వంపుతో ఏ ఇబ్బందీ లేదు. తెచ్చుకునేటప్పుడు చేతి సంచిలో, నిలువుగా, అటూ ఇటూ గట్టి అట్టలు పెట్టి తెచ్చుకోండి. టెక్సాస్ వేసవిలో వాటిని కారులో వదిలేస్తే కాకినాడలో ఇన్నేళ్లలో జరగనిది ఒక్క మధ్యాహ్నంలో జరుగుతుంది. ఇంట్లో కూడా ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పుస్తకాల్లా నిలబెట్టాలి.

ప్రశ్న: నా దగ్గరి పాత ప్లేట్లను డిజిటల్‌లోకి మార్చి అందరికీ అందుబాటులో పెట్టాలనుకుంటున్నాను. చట్టం ఒప్పుకుంటుందా? — ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ సొంత వినికిడికీ, పరిశోధనకూ ప్రతి చేసుకోవడానికి మన కాపీరైట్ చట్టం అవకాశం ఇస్తుంది. అందరికీ పంచాలంటే మాత్రం రెండు విడి హక్కులను చూసుకోవాలి. మొదటిది రికార్డింగు మీద హక్కు. అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. 1950లో విడుదలైన ప్లేటు మీద ఆ హక్కు 2010 చివరితో ముగిసింది. రెండోది పాటలోని సాహిత్యం మీద, బాణీ మీద హక్కు. అది రచయిత లేదా బాణీ కట్టినవారు మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది, ఇద్దరు కలిసి రాస్తే వారిలో తరువాత మరణించినవారిని బట్టి లెక్కిస్తారు.

ఉదాహరణకు తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు 1950లో మరణించారు కనుక ఆ జంటకవుల నాటక పద్యాలను 2011 నుంచి ఎవరైనా వాడుకోవచ్చు. త్యాగరాజస్వామి కృతుల సాహిత్యం విషయంలో అసలు ప్రశ్నే లేదు. కానీ ఘంటసాల గారు పాడగా ఇంటింటికీ చేరిన కరుణశ్రీ పద్యాల సంగతి చూడండి. ప్లేటు ఎంత పాతదైనా, కరుణశ్రీ అన్న కలం పేరుతో రాసిన జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు 1992లో మరణించారు కనుక ఆ సాహిత్యం మీద హక్కు 2052 చివరిదాకా ఉంటుంది. ఘంటసాల గారు 1974లో కన్నుమూశారు కనుక ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. అటువంటివాటిని మీ దగ్గరే భద్రపరచండి, హక్కుదారుల అనుమతి దొరికితే అప్పుడు పంచండి.

హక్కుల గడువు తీరినవాటిని పెట్టేటప్పుడు పాట ఒక్కటే పెడితే సగం పనే చేసినట్టు. లేబుల్ రెండు వైపులా స్పష్టంగా ఫోటో తీయండి. కంపెనీ పేరు, కేటలాగ్ నంబరు, గాయకుల పేర్లు ఏ వర్ణక్రమంతో అచ్చయ్యాయో ఆ వర్ణక్రమంతోనే రాయండి; తప్పుగా అనిపించినా సరిదిద్దకుండా, సరైన రూపాన్ని పక్కన విడిగా ఇవ్వండి. ఆఖరి గాడికీ లేబుల్‌కూ మధ్య నున్నటి జాగాలో చెక్కి ఉండే మాట్రిక్స్ నంబరును టార్చిలైటు వెలుగులో చూసి తప్పకుండా ఎత్తి రాయండి. రెండు ప్లేట్ల లేబుళ్లు వేరైనా వాటి మీద ఉన్నది ఒకే రికార్డింగు అని చాలాసార్లు ఆ నంబరు వల్లనే తెలుస్తుంది. ఏ సూదితో, ఏ వేగంతో ఎక్కించారో కూడా ఒక వాక్యంలో చేర్చండి.